పుణ్యవతి, పురుషుడు

ఆ ఏడు ప్రభుత్వం వారికి జబ్బుల మీద విసుగు పుట్టింది. మనుషులు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఎప్పుడు పడితే అప్పుడు జబ్బు పడడం, పడ్డవాళ్ళు ఊరుకోకుండా ఆసుపత్రికి రావడం, వచ్చినవాళ్ళు మందులు లేవేమని గొణగడం, ఇదంతా ఒక పద్ధతీ పాడూ లేని వ్యవహారంగా వారికి తోచింది. ఇకమీదట ఎవరికి ఏ జబ్బు వస్తుందో ముందే కనిపెట్టి, ఆ జబ్బులకు మాత్రమే వైద్యం చేయాలని తీర్మానించారు. మనిషి ఉమ్మిలో అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసి ఉంటాయనీ, దాన్ని చదివే యంత్రం జిల్లాకు దిగిందనీ, ఊరూరా ఉమ్మి పోగుచేసి మనిషి మనిషికీ ఒక జన్యుపటం గీసి ఇస్తారనీ పెదవంకవలసలో దండోరా వేయించారు.

ఆ ఊరి పడమటి వీధిలో గున్నమ్మ కోడలు పుణ్యవతి ఆ దండోరాని గుమ్మంలో నిలబడి శ్రద్ధగా విన్నది. ఆమెకి అప్పుడు మూడో నెల. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. మొగుడు లోకనాథం తన ఆటోలోనే పడుకోబెట్టి పరుగులు తీయించినా, ఆసుపత్రి చేరేలోగా బిడ్డ దక్కలేదు. "మళ్ళీ నిలిస్తే నొప్పులు వచ్చేదాకా ఆగకండమ్మా. పెద్దాసుపత్రిలో, ఆపరేషన్ గది పక్కనే ఉండాలి నువ్వు," అని అప్పుడు డాక్టరమ్మ చెప్పింది. పుణ్యవతి మాటలు తక్కువ మనిషి. ఈ ఒక్క మాటని మాత్రం బియ్యం ఏరుతున్నా, గడ్డి కోస్తున్నా లోపల్లోపల చెప్పుకుంటూ ఉండేది. పటంలో ఈ సంగతి కూడా రాస్తారేమో, రాస్తే పెద్దాసుపత్రివాళ్ళు పిలిచి మరీ చేర్చుకుంటారేమో అని ఆశపడింది.

ఉమ్మి తీసే రోజున బడి ఆవరణలో షామియానా వేశారు. ప్రారంభోత్సవం కాబట్టి ఊరి పెద్దలందరినీ ముందు వరుసలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. వాళ్ళకి ఎదురుగా బల్ల, బల్ల మీద గాజు బుడ్లు, బల్ల వెనక ఊరి నర్సమ్మ నాగరత్నం. ఒక్కొక్కరే వచ్చి, పెద్దల వైపు మొహం పెట్టి నిలబడి, బుడ్డిలో ఉమ్మి వేసి పోవాలి. ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ కుర్చీల్లో ఉన్న పెద్దలే పడమటి వీధి కోడళ్ళకి మామలూ, పెదమామలూ, బావగార్లూను. ఆ వీధిలో కోడలు పిల్ల మామ ఎదుట చెప్పులు తొడుక్కోదు, మంచం మీద కూర్చోదు. ఇక ఉమ్మి వేయడమంటే ఆయన మొహాన వేసినట్టే.

కోడళ్ళు పదకొండుమందీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని బడి గోడ పక్కన గుంపుగా నిలబడిపోయారు.

"బేగి రండే! సాయంకాలానికి బుడ్లన్నీ జీపెక్కాల," అని నాగరత్నం కేకలు వేసింది.

"ఎలగొస్తామప్పా? అల్లదిగో, మా మావ మీసం దువ్వుకుంటా కూసున్నాడు. ఆయనెదర తుపుక్కుమంటే రేపట్నుంచి నా సేతి కూడు తింటాడేటి?" అంది సీతాలు.

"పోనీ ఎనక్కి తిరిగి ఉమ్మవే."

"ఎనకాల మా బావగారున్నారు."

గున్నమ్మకి ఇలాంటి బాధ లేదు. ఆమెకి మామలూ బావలూ ఎవరూ మిగల్లేదు. అందరికంటే ముందు వెళ్ళి, బుడ్డి నిండేలా ఉమ్మేసి వచ్చి కొంగుతో మూతి తుడుచుకుంటోంది. కోడళ్ళ అవస్థ చూసి నవ్వింది.

"ఉమ్మి ఉమ్మే గదే! ఎవులుదైతే ఏటి? ఆళ్ళకి బుడ్లు నిండాల, మీకు పరువు దక్కాల. మన అసిరి తాత ఉన్నాడు గదేటి?"

అసిరి తాత ఆ వీధికంతటికీ పెద్ద. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ నోరు మాత్రం వైశాఖ మాసంలో కూడా ఎండి ఎరగదు. బడి వెనక ఎండలో చతికిలబడి ఉన్న తాత ముందు సీతాలు ఒక పచ్చి మామిడి ముక్క పట్టుకుని, దాని మీద ఉప్పూ కారం జల్లి, అందీ అందకుండా ఆడించింది. పదకొండు బుడ్లూ ఇట్టే నిండిపోయాయి.

"ఇంకున్నాయేటే బుడ్లు?" అని అడిగాడు తాత.

"నేవు తాతా."

"అయ్యో," అన్నాడాయన, దిగులుగా.

నాగరత్నం కళ్ళు మూసుకుంది. అంటే నిజంగానే మూసుకుంది. తర్వాత ఎవరైనా చూశావా అని అడిగితే అబద్ధం ఆడకూడదు గదా. కళ్ళు తెరిచాక పదకొండు బుడ్ల మీదా పదకొండు పేర్లు అంటించి, సాక్షి సంతకాలు పెట్టేసింది. పుణ్యవతికి ఇది నచ్చలేదు. "అత్తా, ఇది మంచిది కాదేమో," అని గొణిగింది. కానీ అప్పటికే జీపు కదిలింది.

నెల తిరిగేసరికి కార్డులు వచ్చాయి. మగవాళ్ళకి నీలం రంగువి, ఆడవాళ్ళకి గులాబీ రంగువి. పడమటి వీధి కోడళ్ళందరికీ నీలం వచ్చాయి. పుణ్యవతి తన కార్డు రెండుసార్లు చదువుకుంది. పేరు, పుణ్యవతి. లింగం, పురుషుడు. నలభైలోపు బట్టతల. పాలు పడవు. కాలి బొటనవేలికి వాతం. అరవై దాటాక ప్రోస్టేటు గ్రంథి వాపు. చివర్లో పెద్ద అక్షరాలతో, గర్భసంబంధమైన సమస్యలేవీ రావు, శుభాకాంక్షలు.

వీధంతా విరగబడి నవ్వింది. సీతాలు తన జడని ముందుకి లాక్కుని తడుముకుంది. "ఓలమ్మ, నలభై దాటి నాలుగేళ్ళయిపోనాదే. దీనికింకా కబురందనేదు!" అంది. పుణ్యవతికి మాత్రం నవ్వు రాలేదు.

నాగరత్నం కార్డులన్నీ సంచిలో వేసుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. సాయంత్రానికి అవే కార్డులతో తిరిగి వచ్చింది. మనిషి జన్యువు పుట్టుకతో వచ్చి చావుతో పోతుందట, మధ్యలో మారదట. మారని దాన్ని రెండోసారి పరీక్షించడం ప్రజాధనం దుర్వినియోగం కింద వస్తుందట. కాబట్టి జీవితంలో ఎవరికైనా ఒక్కసారే పరీక్షట. "తప్పు వస్తే ఏటి సేస్తారని అడిగినాను. తప్పు రాదు గనకే ఒక్కసారి పెట్టినామన్నారు," అని నాగరత్నం మెట్టు మీద కూలబడింది.

ఆ వారం నుంచి అంగన్‌వాడీలో పుణ్యవతికి పాలు ఆపేశారు. పాలు పడని పురుషుడికి గర్భిణులకిచ్చే పాలు ఎలా పోస్తారు? గుడ్డు కూడా ఆపబోయారు గానీ, గుడ్డు గురించి కార్డులో ఏమీ లేదని ఆయమ్మ వాదించి ఇచ్చింది.

ఊడ్పుల రోజుల్లో ఇంకో విడ్డూరం జరిగింది. ఆడవాళ్ళంతా మడిలో వంగి నాట్లు వేస్తున్నారు. ఫోన్లన్నీ గట్టు మీద ఒక బుట్టలో పెట్టారు. ఉన్నట్టుండి బుట్టలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. సీతాలు చెయ్యి కడుక్కుని వెళ్ళి చదివింది.

"మీ ప్రోస్టేటు శస్త్రచికిత్స విజయవంతంగా ముగిసింది. రెండు వారాలు బరువులు ఎత్తరాదు. వంగరాదు. త్వరగా కోలుకోండి."

ఆ పొద్దున్నే అసిరి తాతకి జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. కంప్యూటరు దృష్టిలో ఒక పటమంటే ఒక మనిషి. తాతకి కోత పెడితే పన్నెండుమందికీ పెట్టినట్టే. తాతకి సూది వేస్తే పన్నెండుమందికీ వేసినట్టే.

"వంగకూడదంట," అని సీతాలు నారు కట్ట గట్టు మీద పడేసింది. "డాకటర్లు సెప్పినాక ఇనాల గదా." రెండు వారాలపాటు ఆమె మంచం దిగలేదు. మొగుడి చేత వంట చేయించుకుంది. పక్క ఊరి నుంచి చుట్టాలు బ్రెడ్డూ, బత్తాయిలూ పట్టుకుని పలకరించడానికి వచ్చారు. "ఎక్కడ కోసినారమ్మా?" అని అడిగితే, "తాతకి కోసినారు. నానే కోలుకుంటన్నాను," అని నీరసంగా చెప్పింది.

అసిరి తాత తెలివైనవాడు. సంగతి అర్థమయ్యాక మంచం మీద కాళ్ళు చాపుకుని, "నాను పోతే కంపూటర్లో మీరంతా పోతారే. మీ బియ్యం కార్డులూ పోతాయి, మీ పేర్లూ పోతాయి. నన్ను బాగా సూసుకోండి," అని కబురు పెట్టాడు. అప్పట్నుంచి వంతులవారీగా రోజూ ఆయనకి కోడిగుడ్డు పొరటు వెళ్ళేది. పుణ్యవతి వంతు వచ్చినప్పుడు తాత ఆమె కడుపు వైపు చూసి, "ఏటే, నా కడుపు బాగానే పెరుగుతున్నాది," అన్నాడు. ఆమె గిన్నె అక్కడ పెట్టి వచ్చేసింది. ఆరు నెలలు నిండుతున్నాయి. బిడ్డ తిరుగుతోంది గానీ ఎటు తిరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. స్కానింగు గది ఆడవాళ్ళ విభాగంలో ఉంది. ఆడవాళ్ళ విభాగం తలుపు గులాబీ కార్డుకే తెరుచుకుంటుంది. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో కూడా ముందు కార్డే అడుగుతున్నారు.

చివరికి గున్నమ్మ కోడలిని వెంటబెట్టుకుని జిల్లా జన్యుపట అధికారి పరాంకుశం గారి దగ్గరికే వెళ్ళింది.

పరాంకుశం గారు మెడలో తన నీలం కార్డు వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నారు. ఆయన పటంలో జలుబు లేదు. అందువల్ల ఆయనకి జలుబు చేయదు. వారం నుంచి ముక్కు కారడాన్ని ఆయన నాసికా స్పందన అని పిలుస్తున్నారు.

"రండి. కూర్చోండి బాబూ," అన్నారు పుణ్యవతి కార్డు చూసి.

"బాబేటి? నా కోడలు!" అంది గున్నమ్మ.

"అది మీ కుటుంబ వ్యవహారం. విభాగం జోక్యం చేసుకోదు. సమస్య ఏమిటో సెలవియ్యండి."

పుణ్యవతి కూర్చోకుండానే చెప్పింది. "ఆరో నెలండి. మొదటిసారి బిడ్డ అడ్డం తిరిగి పోయిందండి. ఈసారి ఆపరేషన్ పడొచ్చన్నారు. పెద్దాసుపత్రిలో నా పేరు రాయించాలండి."

"చూడండి బాబూ. గర్భం అన్నది మీ అభిప్రాయం. పటం అన్నది సాక్ష్యం. అభిప్రాయానికీ సాక్ష్యానికీ మధ్య వైరుధ్యం తలెత్తినప్పుడు విభాగం ఎటువైపు నిలబడాలో మీరే ఆలోచించండి."

"మరి ఈ కడుపేటి బాబూ?" అంది గున్నమ్మ.

పరాంకుశం గారు కార్డు మరోసారి తిప్పి చూశారు. "ఈ జన్యువు గల పురుషులకు పాలు పడవు. పాలు పడకపోతే వాయువు చేరుతుంది. వాయువు చేరితే ఉదరం వృద్ధి చెందుతుంది. అంతా పటంలోనే ఉంది."

"వాయువు కాళ్ళతో తంతాదేటి?"

"తీవ్రమైన వాయువు," అని ఆయన ఒక చీటీ మీద వాయువు తగ్గడానికి ఓమ అరుకు రాశారు.

గున్నమ్మ ఇక దాచలేకపోయింది. బల్ల మీదికి వంగి అంతా చెప్పేసింది. "తప్పు మాదే బాబూ. ఆ ఉమ్మి దీనిది కాదు, అసిరి తాతది. మా ఈదిలో కోడళ్ళందరిదీ ఆయన ఉమ్మే. మామల ఎదర ఉమ్మలేక అలగ సేసినారు. ఇప్పుడు దీన్ని మళ్ళీ ఉమ్మమనండి. అయిపోద్ది."

పరాంకుశం గారు లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు. "అమ్మా, ఈ మాట ఇంకెక్కడా అనకండి. ప్రతి నమూనా వ్యక్తి నోటి నుంచే, వ్యక్తి సమక్షంలోనే, సాక్షి సంతకంతో స్వీకరించాం. సంతకాలు ఉన్నాయి. సంతకాలు ఉన్నాయి కనుక మీరు చెప్పింది జరగలేదు." ఇంతలో ఆయనకి ఏదో తట్టింది. చేతిరుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. "ఆగండాగండి. ఎంతమందికి ఒకటే పటం వచ్చిందన్నారు?"

"తాతతో కలిపి పన్నెండుమందికి."

"కవలల సంగతి ప్రపంచం ఎరుగును. కానీ పన్నెండుమంది! వేర్వేరు వయసులవారు! వేర్వేరు తల్లుల కడుపున పుట్టి, వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చి, ఒకే వీధిలో!" ఆయన గట్టిగా తుమ్మారు. "అమ్మా, మీ వీధి చరిత్రలోకి ఎక్కబోతోంది."

"నా కోడలు ఆసుపత్రిలోకి ఎక్కితే సాలు బాబూ."

"చరిత్ర ముందు," అన్నారు పరాంకుశం గారు.

పదిరోజుల్లో రాజధాని నుంచి పండితులు దిగారు. అసిరి తాతనీ పుణ్యవతినీ పక్కపక్కన నిలబెట్టి టేపుతో కొలిచారు. నుదుటి వెడల్పు కలవలేదు. ముక్కు కలవలేదు. ఎత్తు కలవలేదు. చివరికి ఇద్దరికీ ఎడమ చెవి ఎడమవైపే ఉందని గమనించి సంతోషంగా రాసుకున్నారు. పుణ్యవతి తన కడుపు కూడా చూడమని వాళ్ళని బతిమాలింది. "చూశామమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన దయగా. "తాతగారికి లేకపోవడాన్ని బట్టి అది ముఖ్యమైన లక్షణం కాదని నిర్ధారించుకున్నాం." ఒకే వ్యక్తి పన్నెండు దేహాల్లో నివసిస్తున్నాడనీ, అందులో పదకొండు దేహాలు పొరపాటున స్త్రీ రూపం ధరించాయనీ వాళ్ళు నివేదిక సమర్పించారు. బడి గోడకి రంగు వేసి, "ఏకవ్యక్తి వీధికి స్వాగతం" అని రాయించారు.

పుణ్యవతి ఏడవలేదు. లోకనాథం ఆటోకి కొత్త టైర్లు వేయించింది. వెనక సీటు మీద దుప్పటి మడత పెట్టి ఉంచింది.

తొమ్మిది నిండాక ఒక మధ్యాహ్నం, అన్నం వారుస్తుండగా నడుములో సన్నగా లాగింది. ఆమె గంజి గిన్నె దించి, "మావా, ఆటో తియ్," అంది. అంతే. లోకనాథం చొక్కా తొడుక్కోవడం మరిచిపోయి బండి తీశాడు. గున్నమ్మ కోడలి తల ఒడిలో పెట్టుకుని దారి పొడుగునా పరాంకుశం గారి ఏడు తరాలనీ తలచుకుంది.

పెద్దాసుపత్రి ప్రసవ విభాగం ముందు కొత్తగా ఒక ఇనుప కమ్మీల తలుపు పెట్టారు. దాని పేరు జన్యుద్వారం. పక్కన యంత్రం, యంత్రం పక్కన స్టూలు మీద కాపలావాడు. లోకనాథం పుణ్యవతి కార్డు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. యంత్రంలోంచి తీయటి ఆడ గొంతు పలికింది. "పురుషులకు ప్రవేశం లేదు. హెర్నియా, వరిబీజం సంబంధిత చికిత్సకు కుడివైపు వెళ్ళగలరు. ధన్యవాదాలు."

"అన్నా, సూడన్నా, మనిషిని సూడు!" అని లోకనాథం కాపలావాడి చేతులు పట్టుకున్నాడు.

"మనిషిని సూసే పనైతే నన్ను పెట్టేటోళ్ళు. యంత్రాన్ని పెట్టినారు. నాను యంత్రాన్ని సూస్తాను," అన్నాడు కాపలావాడు.

గోల విని లోపలి నుంచి సలోమి సిస్టర్ కమ్మీల దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులో పనిచేస్తున్న మనిషి. పుణ్యవతి మొహం చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది. తలుపు తీసే అధికారం మాత్రం ఆమెకి లేదు. "కార్డు తప్పయితే ఉమ్మి పెట్టమ్మా. ఆ స్టాండులోని కాగితం ముక్క నాలిక మీద పెట్టి యంత్రం కన్నంలో దూర్చు. కార్డు లేనివాళ్ళకి అదే దారి," అంది.

పుణ్యవతి గోడ పట్టుకుని నిలబడి, కాగితం తడిపి కన్నంలో పెట్టింది. యంత్రం చాలాసేపు గిరగిరమంది. తర్వాత అదే తీయటి గొంతు, "ఈ నమూనా జిల్లా పట్టికలో లేదు. ఈ వ్యక్తి లేరు. ధన్యవాదాలు," అంది.

"ఇన్నావు గదా?" అన్నాడు కాపలావాడు కొంచెం బాధగానే. "మగోడైతే కుడిపక్కకి పంపేటోణ్ణి. అసలు నేని మనిషిని ఎక్కడికి పంపమంటావు?"

పుణ్యవతికి నొప్పి గట్టిగా వచ్చింది. కమ్మీ పట్టుకుని వంగిపోయింది. మొదటిసారి ఆటోలో, ఊరి పొలిమేర దాటాక ఇలాగే వచ్చింది. ఆసుపత్రి దాకా వచ్చి, ఆపరేషన్ గది తలుపు కళ్ళకి కనిపిస్తూ ఉండగా, ఇక్కడ కూడా అలాగే అయిపోతుందా? "అత్తా," అంది.

గున్నమ్మ కొంగు నడుముకి చుట్టింది. స్టాండులోంచి ఒక కాగితం లాగింది. కోడలి భుజం మీదుగా వంగి, ఆ కాగితాన్ని తన నాలిక మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రాసి, కన్నంలోకి తోసింది.

పచ్చ దీపం వెలిగింది. "గున్నమ్మ గారికి స్వాగతం. లింగం, స్త్రీ. మీ ప్రసవం సుఖప్రదమగుగాక." తలుపు దానంతట అదే తెరుచుకుంది.

"గున్నమ్మంటే ఎవులు?" అన్నాడు కాపలావాడు.

"అల్లదే," అని గున్నమ్మ కోడలిని చూపించింది.

"నానే," అంది పుణ్యవతి పళ్ళు బిగించి. సలోమి సిస్టర్ ఆమెని చక్రాల కుర్చీలోకి లాగేసి, తలుపు మూసుకునేలోగా వరండా చివరికి చేరిపోయింది.

ఆపరేషన్ గదిలో కుర్ర డాక్టరు కంప్యూటరు తెర మీద వివరాలు చదివాడు. "గున్నమ్మ గారు. వయసు అరవై రెండు." బల్ల మీద పడుకున్న మనిషిని చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అంత వయసు తెలియట్లేదే."

"పల్లెటూరి గాలి డాక్టర్," అంది సలోమి సిస్టర్. "బిడ్డ అడ్డంగా ఉంది. బేగి కానివ్వండి."

డాక్టరు తెర వైపు నుంచి తిరిగాడు. చేతులు కడుక్కున్నాడు. ఆయన చెయ్యి మంచిది. కాసేపటికి ఆ గదిలో ఒక సన్నటి, కోపపు ఏడుపు వినిపించింది. సలోమి సిస్టర్ బిడ్డని తుడిచి పుణ్యవతి చెంపకి ఆనించింది. ఆడపిల్ల. వెచ్చగా ఉంది. పుణ్యవతి ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. బిడ్డా తల్లీ పోటీపడి ఏడుస్తుంటే డాక్టరు కుట్లు వేస్తూ, "గున్నమ్మ గారూ, కదలకండి," అన్నాడు.

పుట్టిన ప్రతి బిడ్డకీ పటం గీయాలని నియమం. ఈ బిడ్డ ఎవరి సాయమూ లేకుండా తన చొంగ తనే కార్చింది. పడమటి వీధి నుంచి పట్టికలోకి ఎక్కిన మొట్టమొదటి నిఖార్సయిన కోడలి తరపు నమూనా అదేనేమో. మర్నాడు యంత్రం ఫలితం చూపించింది. ఆసుపత్రి రికార్డు ప్రకారం బిడ్డని కన్నది గున్నమ్మ. పటం ప్రకారం గున్నమ్మతో బిడ్డ పోలిక నాలుగో వంతు. సంబంధం, నాయనమ్మ.

ఆసుపత్రి గుమాస్తాలు జిల్లా ఆఫీసుకి కబురు పెట్టారు. పరాంకుశం గారు ముక్కు తుడుచుకుంటూ పరుగున వచ్చారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చదివారు. తలుపు బయట లోకనాథం, గున్నమ్మ చెవులు అప్పగించి నిలబడ్డారు. దొంగ పేరుతో కన్న సంగతి బయటపడితే బిడ్డని లాక్కుంటారేమోనని వాళ్ళ భయం.

"ఆసుపత్రి రికార్డు అబద్ధం చెప్పదు," అన్నారు చివరికి పరాంకుశం గారు. "పటం అబద్ధం చెప్పదు. కాబట్టి రెండూ నిజం. నాయనమ్మ గారే నేరుగా మనవరాలిని కన్నారు!" ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఆలోచించండయ్యా! ఇన్నాళ్ళూ మానవజాతి ఏం చేస్తోంది? ముందు కొడుకుని కనడం, వాణ్ణి పెంచడం, చదివించడం, పెళ్ళి చేయడం, ఆ తర్వాత ఎప్పటికో మనవరాలు. మధ్యలో ఒక తరం మొత్తం దండగ! ఆ దండగని మన జిల్లా నివారించింది!"

లోకనాథం తలుపులోంచి తల దూర్చి, "మరి నానేటి అవుతాను బాబూ?" అని అడిగాడు.

"మీరు నివారించబడిన తరం," అన్నారు పరాంకుశం గారు ఆదరంగా. "బాధపడకండి. ఇది దేశం కోసం."

వారం గడిచాక ఆసుపత్రి హాల్లో సభ పెట్టారు. రాజధాని పండితులు మళ్ళీ వచ్చారు. వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీలో గున్నమ్మని కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఒళ్ళో బిడ్డని పెట్టారు. నీలం కార్డు వాళ్ళకి వేరే వరుస కాబట్టి పుణ్యవతిని మగవాళ్ళ మధ్య, అసిరి తాత పక్కన కూర్చోబెట్టారు. కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఆమె కళ్ళు వేదిక మీదే ఉన్నాయి.

"చరిత్రలో తొలిసారిగా," అని పరాంకుశం గారు మైకు ముందు మొదలుపెట్టారు. తరతరాల గురించి, తరాల తగ్గింపు గురించి, త్వరలో ముత్తవ్వలు నేరుగా మునిమనవళ్ళని కనే శుభదినం గురించి ఆయన మాట్లాడుతూ ఉండగా బిడ్డకి ఆకలేసింది. ముందు కుయ్యిమంది. తర్వాత మైకు కన్నా గట్టిగా అందుకుంది. గున్నమ్మ జోకొట్టింది. ఊపింది. దండలోంచి బంతిపువ్వు తీసి ఆడించింది. బిడ్డ మొహం బంతిపువ్వు కన్నా ఎర్రబడింది.

"సరైన సమయం!" అన్నారు పరాంకుశం గారు ఉత్సాహంగా. "తల్లిగారూ, పాపకి పాలివ్వండి. ఫొటో తీస్తారు. రేపు అన్ని పత్రికల్లో ఇదే."

గున్నమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నా కాడ ఏటున్నాది బాబూ ఇవ్వడానికి? మా లోకనాథం ఎప్పుడో ఖాళీ సేసీసినాడు."

బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. పండితుల్లో ఒకాయన పుస్తకం తీసి, "పాల విషయంలో ఇంకా పరిశోధన అవసరం," అని రాసుకోవడం మొదలుపెట్టాడు.

పుణ్యవతి లేచింది. మగవాళ్ళ వరుసలోంచి, వాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ బయటికి వచ్చింది. కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టి వేదిక మెట్లు ఎక్కింది. ముందు వరుసలో ఊరి పెద్దలున్నారు. వాళ్ళలో మామలున్నారు, బావగార్లున్నారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. అత్త ఒడిలోంచి బిడ్డని తీసుకుంది. కూర్చోవడానికి ఇంకేమీ కనిపించక, పరాంకుశం గారి కుర్చీని అటు తిప్పుకుని, సభకి వీపు పెట్టి కూర్చుంది. కొంగు కప్పింది.

ఏడుపు ఆగిపోయింది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. బిడ్డ గుటకలు వేయడం హాలు చివరిదాకా వినిపించింది.

పరాంకుశం గారు ఒక తుమ్ము తుమ్మారు. తర్వాత ఫొటోగ్రాఫరు చెవి దగ్గర వంగి, "ఎవరో మగమనిషి అడ్డంగా వచ్చి కూర్చున్నాడు. ఆ మనిషి పడకుండా తీయండి," అన్నారు.

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి అటూ ఇటూ చూశాడు. "ఆ మనిషిని తీసేస్తే పాప కూడా పోతుంది సార్."

పరాంకుశం గారు ముక్కు తుడుచుకున్నారు.

"పాప లేకపోయినా పర్వాలేదు," అన్నారు. "దండ స్పష్టంగా పడాలి."